ఆది జాకెట్టు

ఏప్రిల్ 5, 2025, శనివారం

మొదటి క్లయింట్ దొరికారు. పేరు శకుంతల గారు. మార్టిన్‌డేల్ పేటలో తన ఇంటి బేస్‌మెంట్‌లో జాకెట్లు కుడతారు. చీరాలలో పదమూడో ఏట మిషను ముందు కూర్చున్నారట, ఇంకా లేవలేదు. కాల్గరీలో ఏ తెలుగు ఫంక్షన్‌కి వెళ్ళినా సగం జాకెట్లు ఆవిడ చేతివే. అయినా ఇన్‌స్టాలో లేరు, గూగుల్‌లో లేరు. ఇంటి ముందు చిన్న బోర్డయినా లేదు. జనవరిలో దగ్గర్లోని ప్లాజాలో రెడీమేడ్ జాకెట్ల బొటీక్ ఒకటి తెరిచారు. అప్పటి నుంచి ఈవిడ ఆర్డర్లు సగానికి పడిపోయాయి. ఈ మిషను ఆగిపోతే నాకు చేతనైన పని ఇంకోటి లేదమ్మా మధుమితా అన్నారు.

నా భయం నాకుంది. వర్క్ పర్మిట్ అక్టోబర్ దాకానే. డిజిటల్ మార్కెటింగ్ డిప్లొమా చేతిలో ఉంది, ఉద్యోగం మాత్రం కాఫీ షాపులో. డౌన్‌టౌన్‌లో ఒక ఏజెన్సీ వాళ్ళు ఇంటర్వ్యూకి కేస్ స్టడీ తెమ్మన్నారు. ఒక చిన్న బిజినెస్ తీసుకోవాలి, దానికి అథెంటిక్ సోషల్ మీడియా స్ట్రాటజీ తయారుచేయాలి, రిజల్ట్స్ చూపించాలి. వాళ్ళు పంపిన రెండు పేజీల్లో అథెంటిక్ అన్న మాట ఏడుసార్లు ఉంది. లెక్కపెట్టాను.

ఏప్రిల్ 12

ఆ బేస్‌మెంట్‌లో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా కొలతలు తీసేటప్పుడు మిగతావాళ్ళంతా గోడ వైపు తిరగాలి. కర్టెన్ ఉంది. కర్టెన్ వేశాక కూడా తిరగాలి. ఆ గోడకి గ్రోసరీ షాపువాళ్ళిచ్చిన తెలుగు క్యాలెండర్ వేలాడుతుంటుంది. ఇవాళ మూడుసార్లు తిరిగాను. ఈ నెల వర్జ్యాలు, రాహుకాలాలు నాకు కంఠతా వచ్చేశాయి.

ఇంకో పద్ధతి. కొలతలు పైకి చదవరు. టేపు పెడతారు, చూస్తారు, నోట్‌బుక్‌లో రాసుకుంటారు. అవి అంకెలు కూడా కావు, గీతలూ చుక్కలూ. ఎందుకండీ ఇదంతా అంటే, ఒకరి నడుమెంతో ఇంకొకరు వినాలా ఏంటమ్మా అన్నారు. కుట్టిన జాకెట్టుని లోపలి వైపు కనబడకుండా మడిచి, షాపులవాళ్ళు పంచే ఫ్లయర్ కాగితంలో చుట్టి, దారం కట్టి ఇస్తారు. కొలత కోసం కస్టమర్లు ఇచ్చి ఉంచే పాత జాకెట్లు, అవే ఆది జాకెట్లు, ఒక బీరువా నిండా ఉన్నాయి. అవి కూడా పొట్లాలే. పొట్లం మీద పేరుండదు, సుద్దముక్కతో ఒక గుర్తు ఉంటుంది. ఏ గుర్తు ఎవరిదో ఆవిడ ఒక్కరికే తెలుసు.

నాకు నవ్వొచ్చింది. జాకెట్టు గుడ్డలో అంత దాచుకోవలసిన రహస్యమేముంది? ఇంటికొచ్చి స్ట్రాటజీ డాక్యుమెంట్ తెరిచి మొదటి మాట రాశాను: ట్రాన్స్‌పరెన్సీ. ఈవిడ సమస్య అదే. ఎంత బాగా చేస్తారో ఎవరినీ చూడనివ్వరు.

ఏప్రిల్ 27

పోస్టులు తొమ్మిది. ఫాలోవర్లు నూట పన్నెండు. అందులో డెబ్బై మంది నా ఫ్రెండ్సే.

శకుంతల గారి చేతులు షూట్ చేశాను. దారం రీళ్ళు షూట్ చేశాను. సూదిలో దారం ఎక్కించడం స్లో మోషన్‌లో పెట్టాను. ఎవరు చూస్తారు ఇవన్నీ? కస్టమర్ల బట్టలు తియ్యనివ్వండి ఆంటీ, పని తెలియాలి కదా అని వారం రోజులుగా బతిమాలుతున్నాను. నా చేతులు తీసుకో, నా మొహం తీసుకో, బల్ల మీదున్నది మాత్రం నాది కాదు, దాని జోలికెళ్ళకు అంటారు. కాలేజీలో ఇచ్చిన కన్సెంట్ ఫారం మీద మాత్రం చదవకుండా సంతకం పెట్టేశారు. నా మీద అంత నమ్మకం.

చిరాకేస్తోంది. ఇంటర్వ్యూ మే పద్నాలుగున ఖాయమైంది. నూట పన్నెండు అంకెతో వెళ్తే కాఫీ ఇచ్చి పంపించేస్తారు.

మే 10, శనివారం

మే నెలలో మంచు. కాల్గరీకి సిగ్గు లేదు.

మధ్యాహ్నం డెలివరీ బెల్ మోగితే శకుంతల గారు పైకి వెళ్ళారు. బల్ల మీద ఒక పొట్లం విప్పి ఉంది. బాటిల్ గ్రీన్ పట్టు జాకెట్టు, ఆవపిండి రంగు బోర్డర్, లోపలి వైపు పైకి తిప్పి ఉంది. ఎడమ వైపు లైనింగ్‌లో మెత్తటి మల్లు గుడ్డతో చిన్న సంచి లాంటిది కుట్టారు. చేత్తో కుట్టింది. ఒక్కో కుట్టు ఆవగింజంత. వంపు ఎక్కడ మొదలయ్యి ఎక్కడ ఆగిందో తెలియదు. అది ఎందుకో నాకు అర్థం కాలేదు గానీ అంత అందమైన పని నేను ఎక్కడా చూడలేదు. ఫోన్ తీశాను. పందొమ్మిది సెకన్లు.

ఆవిడ దిగి వచ్చేసరికి ఫోన్ జేబులో ఉంది. దొంగతనం చేసినట్టు ఎందుకనిపించిందో తెలియదు. బట్టే కదా.

మే 11

పోస్ట్ చేశాను. వెనక శకుంతల గారి గొంతు పెట్టాను, ఎప్పుడో రికార్డ్ చేసింది. ఒళ్ళు ఎలా ఉంటే గుడ్డ అలా వినాలి, గుడ్డ కోసం ఒళ్ళు మారదు కదమ్మా అంటారు అందులో. కింద ఇంగ్లిష్‌లో సబ్‌టైటిల్. పైన ఒకే లైన్: మీ ఒంటికి మీ జాకెట్టు.

ఇంతకాలానికి ఒక అథెంటిక్ పోస్ట్.

మే 12, సోమవారం

పద్దెనిమిది వేల వ్యూస్! షిఫ్ట్‌లో ఉన్నంతసేపూ ఏప్రన్ జేబులో ఫోన్ వణుకుతూనే ఉంది. శకుంతల గారికి ఫోన్ చేసి ఒక వీడియో బాగా వెళ్ళిందండీ అన్నాను. ఏ వీడియో అని అడగలేదు. నేనూ చెప్పలేదు.

మే 13, ఉదయం 8:40

ఎడ్మంటన్‌లో నర్సుగా చేసే ఒకావిడ కామెంట్ పెట్టారు. బ్రెస్ట్ కాన్సర్ సర్జరీ అయిన ఆడవాళ్ళకి కృత్రిమ రొమ్ము అమర్చుకునే పాకెట్ ఇలా పట్టు జాకెట్టులో కుట్టేవాళ్ళుంటారని నాకు తెలియదు, చీర కట్టుకోవడం మానేసి మూడేళ్ళయింది, ఈ టైలరమ్మ ఎక్కడుంటారు అని. దాని కింద ఇంకో పదిమంది. ఇన్‌బాక్స్‌లో ముప్పై ఒక్క మెసేజ్‌లు. విన్నిపెగ్ నుంచి, బ్రాంప్టన్ నుంచి, బర్నబీ నుంచి. ఒకావిడ తన పాత జాకెట్ల ఫోటో పంపి ఏడుపు ఎమోజీ కూడా లేకుండా దయచేసి అని ఒక్క మాట రాసింది.

ఆ సంచి దేనికో నాకు ఇప్పుడు తెలిసింది. నిజం రాస్తున్నాను, మొదట కలిగింది భయం కాదు, గర్వం.

9:15

ఇంకో కామెంట్. కాల్గరీ అమ్మాయే. ఈ గ్రీన్‌కి మస్టర్డ్ బోర్డర్ మన కనకదుర్గ ఆంటీది కదా, ఉగాదికి వేసుకున్నారు అని, నలుగురిని ట్యాగ్ చేసి. పాపం, కావాలని పెట్టింది కాదు. జాకెట్టు బాగుందని గుర్తుపట్టింది, అంతే.

కనకదుర్గ గారిని నేనూ ఎరుగుదును. ఈ ఊళ్ళో ఆవిడని ఎరగని తెలుగువాళ్ళు లేరు. ఫార్మసిస్ట్‌గా చేసి రిటైరయ్యారు. ఏటా వరలక్ష్మీ వ్రతానికి అరవై మందిని ఇంటికి పిలుస్తారు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కనబడకపోతే ఇండియా వెళ్ళామని చెప్పారు. అందరం నమ్మాం.

కామెంట్ డిలీట్ చేశాను.

మధ్యాహ్నం 1:00

వీడియో తీసెయ్యలేదు. నలభై వేలు దాటింది. రేపు పది గంటలకి ఇంటర్వ్యూ. లింక్ ఆల్రెడీ ఏజెన్సీకి పంపాను. ఇప్పుడు తీసేస్తే వాళ్ళకి ఖాళీ పేజీ కనబడుతుంది. కామెంట్ ఉన్నది పది నిమిషాలు, ఎవరు చూసి ఉంటారులే. అందులో మొహం లేదు, పేరు లేదు. రేపు పదకొండింటికి తీసేస్తాను. ఒక్క రోజు.

మే 14, బుధవారం

ఎక్కడి నుంచి మొదలుపెట్టను.

బోర్డ్‌రూమ్‌లో ఐదుగురు. గోడంత స్క్రీన్. నా ఆరో స్లయిడ్‌లో ఆ వీడియో ఉంది. ప్లే అయింది. ఫోన్‌లో అరచేతంత ఉండేది అక్కడ నా కన్నా పెద్దదైంది. ఆ మల్లు సంచి, ఆ చిన్న చిన్న కుట్లు, చెమటకి లైనింగ్ అంచు కొంచెం రంగు మారిన చోటు. అది ఉతికి వేసుకుంటున్న జాకెట్టని అప్పుడు తెలిసింది నాకు. ఒక మనిషి లోపలి వైపు అది. ఐదుగురు కొత్తవాళ్ళు కాఫీ తాగుతూ చూస్తున్నారు. నాకు వెంటనే గోడ వైపు తిరగాలనిపించింది. గోడ మీద ఉన్నదే అది.

ఈ ఇన్‌సైట్ ఎలా వచ్చిందని ఒకాయన మెచ్చుకుంటూ అడిగారు. నోటికొచ్చింది చెప్పాను. ఆయన రాసుకున్నారు కూడా.

సెవెన్త్ ఎవెన్యూ ప్లాట్‌ఫామ్ మీద నిలబడి డిలీట్ కొట్టాను. 10:52. యాభై మూడు వేలు. రైలెక్కి తిన్నగా మార్టిన్‌డేల్ వెళ్ళాను.

శకుంతల గారు మిషను మీద కవర్ వేసి కూర్చుని ఉన్నారు. ఆ మిషను మీద పగటిపూట కవర్ నేనెప్పుడూ చూడలేదు. కనకదుర్గ గారు పొద్దున్నే వచ్చి వెళ్ళారట. కూర్చోలేదు. అరవలేదు. నా ఆది ఇచ్చెయ్యి శకుంతలా అన్నారట, అంతే. తీసుకుని వెళ్ళిపోయారు.

ఆది జాకెట్టు వెనక్కి తీసుకోవడమంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఇంక ఈ గడప తొక్కనని. ఆపరేషన్ సంగతి డాక్టర్ల తర్వాత తెలిసింది ఇద్దరికే, భర్త అమరేశ్వరరావు గారికి, శకుంతల గారికి. పాత ఆది ఇక పనికిరాదు కదా. ఒళ్ళే మారిపోయింది. ఫిబ్రవరిలో ఐదుసార్లు పిలిచి, ఐదుసార్లు విప్పి కుట్టి, ఆ కొత్త ఆది తయారుచేశారట. ఐదోసారి కనకదుర్గ గారు అద్దం ముందు పైట సర్దుకుని, పక్కకి తిరిగి కూడా చూసుకున్నారట. ఉగాదికి వేసుకుని వెళ్తే ఎవరికీ ఏ తేడా తెలియలేదట.

అంతా చెప్పాను. తెలియక తీశానని చెప్పాను. నిన్న పొద్దున్నే తెలిసిందని, అయినా ఇవాళ దాకా ఉంచానని కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు.

శకుంతల గారు నా వైపు చూడలేదు. ఇంక నువ్వు రాకమ్మా అన్నారు.

మే 15

ఇన్‌స్టా పాస్‌వర్డ్ కాగితం మీద రాసి శకుంతల గారి మెయిల్‌బాక్స్‌లో వేసి వచ్చాను.

మే 16

ఉద్యోగం వచ్చింది. ఆరో స్లయిడ్ అందరికీ నచ్చిందట.

తీసుకున్నాను. నేనేం గొప్పదాన్ని కాదు.

మే 29

మేనేజర్‌కి జరిగింది చెప్పాను. ఆ కేస్ స్టడీని కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టాలనుకుంటున్నారు, వద్దన్నాను. కన్సెంట్ ఫారం లేదా అని అడిగారు. ఉందన్నాను. ఉంటే ఇంకేం అన్నారు. మిషను శకుంతల గారిది, చెయ్యి శకుంతల గారిది, సంతకం ఆవిడదే. జాకెట్టు ఎవరిదో వాళ్ళని అడగాలని ఫారంలో ఎక్కడా లేదు. నా బుర్రలోనూ లేదు. బేస్‌మెంట్‌లో ఉన్న ప్రతి మనిషికీ తెలిసిన విషయం, గోడ వైపు తిరిగి నిలబడి కూడా నేను తెలుసుకోలేదు.

చివరికి మానుకున్నారు. మొహాలు మాత్రం మాడ్చుకున్నారు.

జూన్ 7, శనివారం

శకుంతల గారు ఫోన్ చేశారు! మూడు వారాల మూడు రోజులకి.

పలకరింపు లేదు. నీ కాగితం చూపించి ఫోన్‌లో పెట్టించుకున్నాను, అప్పట్నుంచి టింగు టింగుమంటూనే ఉంది, నాకు ఇంగ్లిష్ చదవడం రాదు, వచ్చి చదివి పెట్టిపో అన్నారు. పరిగెత్తాను.

ఇన్‌బాక్స్‌లో నలభై నాలుగు మంది. అందులో కొందరు వీడియో తీసేశాక కూడా వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. ఒక్కొక్కటే చదవమన్నారు. గొంతు పెంచి చదివితే మెల్లిగా అన్నారు. బేస్‌మెంట్‌లో మేమిద్దరమే ఉన్నాం. అయినా మెల్లిగా. దయచేసి అని ఒక్క మాట రాసినావిడ మెసేజ్ దగ్గర ఆగమని కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

వీళ్ళకి కుట్టాలి అన్నారు చివరికి. అయితే దుర్గ గారి పరువు మీద నాకు గిరాకీ వచ్చిందనిపిస్తే ఈ చేత్తో సూది పట్టుకోలేను. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు, చదువుకున్నదానివి కదా అన్నారు. ఎత్తిపొడుపే. పడ్డాను.

కనకదుర్గ గారిని అడగాలి అన్నాను. నువ్వే అడుగు అన్నారు.

జూన్ 21

వెళ్ళలేదు. వాళ్ళ వీధి చివర దాకా వెళ్ళి బస్సెక్కి వచ్చేశాను.

జూలై 6, ఆదివారం

వెళ్ళాను.

తలుపు తీసింది అమరేశ్వరరావు గారు. నన్ను చూసి లోపలికి పిలిచారు. కనకదుర్గ గారు కాటన్ చీరలో ఉన్నారు, పైన వదులు స్వెట్టర్. మంచినీళ్ళిచ్చారు. కూర్చోమన్నారు. ఆ మర్యాదకి నాకు ఏడుపొచ్చింది. ఆపుకున్నాను. అక్కడ ఏడ్చే హక్కు నాకు లేదు.

ఎవరికి తెలిస్తే ఏమైందని నువ్వు అనుకుంటుండొచ్చు అన్నారు. ఇదివరకు గుళ్ళో కనబడితే నా చీర చూసేవాళ్ళు, గాజులు చూసేవాళ్ళు, కొత్త హారం ఎక్కడ కొన్నావని పట్టి చూసేవాళ్ళు. ఇప్పుడు అందరూ నా కళ్ళలోకే చూస్తున్నారమ్మా. పట్టుబట్టి కళ్ళలోకే. చూపు కిందికి జారిపోతుందేమోనని వాళ్ళు పడే అవస్థ నాకు కనబడుతుంది. అందుకని గుడికి వెళ్ళడం మానేశాను అన్నారు.

తెలిశాక కూడా ఒక రోజు ఉంచానని చెప్పాను. శకుంతల గారు చెప్పలేదట ఆ సంగతి. ఏ రోజు అని అడిగారు. మంగళవారం అన్నాను. ఆవిడ భర్త వైపు చూశారు.

లోహిత్ ఆ వీడియో చూసింది మంగళవారం సాయంత్రం. వాళ్ళబ్బాయి, బర్నబీలో ఉంటాడు, యూనివర్సిటీలో రిసెర్చ్. కామెంట్‌లో ట్యాగ్ అయిన నలుగురిలో ఒకరు లింక్ పంపించారు, అమ్మ ఎలా ఉంది అని అడుగుతూ. ఆపరేషన్ సంగతి అతని థీసిస్ డిఫెన్స్ అయ్యాక మెల్లిగా చెబుదామని వీళ్ళు దాచి ఉంచారు. పిల్లాడు వెంటనే ఫోన్ చేశాడు. వాళ్ళమ్మని ఇంగ్లిష్‌లో అడిగాడట, యాభై వేల మందికి తెలిశాక నాకు తెలియాలా అని. తర్వాత రెండు వారాలు మాట్లాడలేదట. ఇప్పుడు మాట్లాడుతున్నాడు గానీ ప్రతిసారీ ఇంకేమైనా దాస్తున్నావా అని అడుగుతున్నాడట.

మంగళవారం పొద్దున్న 9:15కి నా వేలు ఆ బటన్ మీదే ఉంది. కామెంట్ తీసేసిన వేలే వీడియో కూడా తీసెయ్యగలిగేది.

క్షమించమని అడగలేదు. అడిగితే ఆవిడ మర్యాదకి సరేననేస్తారు. నలభై నాలుగు మంది గురించి చెప్పాను. వాళ్ళకి కుట్టాలా వద్దా మీరు చెప్పాలి అన్నాను. దయచేసి అన్న ఆవిడ గురించి కూడా చెప్పాను, పేరూ ఊరూ చెప్పకుండా. పేరు అడగబోయి ఆగిపోయారు కనకదుర్గ గారు. నన్ను మొదటిసారి సరిగ్గా చూశారు.

ఆలోచించుకుంటానన్నారు. గ్లాసు నేనే సింకులో పెట్టాను.

జూలై 9

కనకదుర్గ గారు శకుంతల గారికి ఫోన్ చేశారట. ఒకటే మాట. కుట్టు, చూపించకు.

జూలై 12

కొత్త స్ట్రాటజీ డాక్యుమెంట్ రాశాం. రాశాం అంటే, ఆవిడ జాకెట్టు కాజాలు కుడుతూ చెప్పారు, నేను రాశాను. ఎవరిదీ కానిదే చూపించాలి: కొయ్యని గుడ్డ, దారం, కత్తెర, ఆవిడ చేతులు. మెసేజ్‌కి మెసేజ్ పెట్టకూడదు, ఫోన్ చేసి మాట్లాడాలి. ఒకరున్నప్పుడు ఇంకొకరిని రమ్మనకూడదు. కస్టమర్ మెచ్చుకుంటే ఆ మాట మనదగ్గరే ఉండాలి. అరపేజీ కూడా లేదు. మా ఏజెన్సీలో ఎవరికి చూపించినా నవ్వుతారు.

పన్నెండు మంది ఆది పంపుతామన్నారు. పాత డాక్యుమెంట్‌లో ట్రాన్స్‌పరెన్సీ అన్న లైన్ కొట్టేశాను.

జూలై 19

పాత పోస్టులన్నీ మళ్ళీ చూశాను. మూడు పోస్టుల్లో వెనక బీరువా తెరిచి ఉంది. గుర్తులు కనబడుతున్నాయి. ఎవరికీ అర్థం కావు. అయినా తీసేశాను.

శ్రావణం వస్తోంది. వ్రతం ఆగస్ట్ ఎనిమిదిన. ఈ ఏడు కనకదుర్గ గారు ఎవరినీ పిలవలేదని విన్నాను.

జూలై 26, శనివారం

అమరేశ్వరరావు గారు కారు దిగకుండా ఒక కవర్ అందించి వెళ్ళారు. అందులో ఎర్ర పట్టు జాకెట్టు గుడ్డ, దాంతోపాటు ఫ్లయర్ కాగితంలో చుట్టి దారం కట్టిన ఒక పొట్లం. పేరు లేదు. గుర్తు పాతదే.

శకుంతల గారు మిషను మీది దారం పోగులు దులిపి, బల్ల మీద పరిచిన గుడ్డ సర్ది, పొట్లానికి కత్తెర పెట్టబోతూ ఆగారు. అటు తిరగమ్మా అన్నారు.

తిరిగాను.